పదో రోజు షరతు

ఈమధ్య నా దగ్గరికి జంటలు వస్తున్నాయి. నయా రాయపూర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, పండరీ బట్టల దుకాణాల్లో సేల్స్ చూసుకునే కుర్రాళ్ళు, వాళ్ళ పక్కన ముఖానికి చున్నీ చుట్టుకున్న ఆడపిల్లలు. పెళ్ళి కాలేదు, కలిసి ఉంటున్నారు, ఇంటి ఓనరు కాగితం అడుగుతున్నాడు. "మేడమ్, లివ్-ఇన్ కా అగ్రిమెంట్ బన్ జాయేగా?" అంటారు, ఆధార్ కార్డు జిరాక్స్ అడిగినంత తేలిగ్గా. అవుతుంది నాయనా, ఎందుకవదు! స్టాంపు కాగితం దొరుకుతుంది, నోటరీ ముద్ర దొరుకుతుంది, రాయడానికి కోర్టు బయట బల్ల వేసుకుని నేను దొరుకుతాను. అద్దె ఎవరు కట్టాలి, విడిపోతే ఫ్రిజ్ ఎవరిది, కుక్కపిల్ల ఎవరిది, అన్నీ రాస్తాను. మీ ఇద్దరిలో ఒకరు పోతే రెండోవాళ్ళ సంగతేమిటి అని మాత్రం వాళ్ళు అడగరు. నేనే అడుగుతాను. ముఖాలు మాడ్చుకుంటారు. మాడ్చుకోనీండి.

నేను రాసిన మొట్టమొదటి ఇలాంటి కాగితం మా పిన్నిది. అందులో ఫ్రిజ్ ఊసే లేదు. ఉన్నదంతా చావు గురించే.

మేం రైల్వేవాళ్ళం. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి ఖలాసీగా వచ్చి రాయపూర్‌లో దిగిపోయాడు. రైలు కూత వినపడకపోతే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. భాష అన్నివిధాలా కల్తీ అయిపోయింది గానీ, బొట్టు, గాజులు, పదో రోజు, పన్నెండో రోజు లాంటివి మాత్రం ఊరినుంచి ఎలా తెచ్చుకున్నామో అలాగే దాచుకున్నాం. ఊళ్ళో ఉన్నవాళ్ళయినా కాలంతోపాటు కాస్త సడలించారేమో, మా కాలనీలో సడలించలేదు. పరాయిచోట బతికేవాళ్ళకి పట్టుదల ఎక్కువ.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. పెళ్ళయి మూడేళ్ళయినా తిరక్కుండానే చిన్నాన్న యార్డులో వ్యాగన్ల మధ్య పడి చనిపోయాడు. పిన్నికి అప్పుడు ఇరవై నాలుగో, ఇరవై ఐదో. నేను చిన్నపిల్లని. పదో రోజున ఆమెని ఖారూన్ నది ఒడ్డుకి, మహాదేవ్ ఘాట్‌కి తీసుకెళ్ళారు. పిల్లలు రాకూడదన్నారు గానీ నేను ఎవరి కొంగో పట్టుకుని వెళ్ళిపోయాను. మా పద్ధతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆ రోజు ఆమెని ముందు పెళ్ళికూతుర్ని చేసినట్టు చేస్తారు. పసుపు రాస్తారు, రూపాయి కాసంత బొట్టు పెడతారు, తలనిండా పూలు, చేతులనిండా గాజులు. అన్నీ పెట్టి, కూర్చోబెట్టి, ఒక్కొక్కటే తీసేస్తారు. గాజులు తియ్యరు, పగలగొడతారు. పిన్ని చేతులు వెనక్కి లాక్కుంది. ఇద్దరు ముసలమ్మలు పట్టుకున్నారు. ఒకావిడ "అయిపోనాదమ్మా, అయిపోనాది" అని ఓదారుస్తూనే రాయి చేతిలోకి తీసుకుంది. గాజుపెంకు మణికట్టు మీద గీసుకుపోయింది. పిన్ని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అది మొగుడు పోయినందుకు ఏడ్చిన ఏడుపు కాదు, తన ఒంటిమీద చెయ్యి వేసినందుకు అరిచిన అరుపు. అంత చిన్నదానికి నాకే ఆ తేడా తెలిసింది. అక్కడున్న పెద్దలెవరికీ తెలియలేదంటే నేను నమ్మను.

రైల్వే పిన్నికి ఉద్యోగమిచ్చింది. వర్క్‌షాపు ఆఫీసులో ఫైళ్ళు అందించే పనిలో చేరి, పరీక్షలు రాసి గుమస్తా అయింది. క్వార్టరిచ్చారు. కొన్నేళ్ళకి తనంతట తనే బొట్టు పెట్టుకోవడం మొదలెట్టింది. ఎవరికీ చెప్పలేదు, ఎవర్నీ అడగలేదు. మొదట కనబడీ కనబడని నల్లబొట్టు, తర్వాత ఎర్రది. ఆఫీసులో ఆడవాళ్ళతో గోల్ బజారుకి వెళ్ళి గాజులు కొనుక్కుంది. మా కాలనీ ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. మా అమ్మయితే, నలుగురూ ఏమనుకుంటారే అని నెత్తీ నోరూ బాదుకుంది. పిన్ని ఒకటే మాట అంది. "నా చెయ్యి, నా గాజు. మధ్యలో మీకేటి నొప్పి?"

ఇక ఆ కాగితంలో రెండో మనిషి సంగతి. మా కాలనీలో చివరి క్వార్టరు ఆయనది. గూడ్సు బళ్ళకి గార్డు. విజయనగరం వైపు మనిషి, భార్య పోయింది, పిల్లల్లేరు. డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదు. మొదట పిన్ని ఒక గిన్నెలో కూర పంపేది. తర్వాత ఆయనే వచ్చి తినేవారు. తర్వాత తిన్న గిన్నెలు కడిగి మరీ వెళ్ళేవారు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన హడావిడి ఇంకా తగ్గకముందే ఒకరోజు తన ఇనప్పెట్టె తెచ్చి పిన్ని ఇంట్లో పెట్టేశారు. బాజా లేదు, భజంత్రీ లేదు. తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో వాళ్ళిద్దరూ వచ్చి కూర్చుంటే పంక్తిలో అటూ ఇటూ విస్తళ్ళు ఖాళీగా ఉండిపోయేవి. ఆయన్ని ఏమని పిలవాలో మాకు తోచలేదు. చిన్నాన్న అందామంటే అమ్మ కళ్ళెర్రజేసేది, అంకుల్ అంటే పిన్నికి నవ్వొచ్చేది. చివరికి అందరితోపాటు నేనూ గార్డుగారూ అన్నాను. ఆయన పోయేదాకా అలాగే అన్నాను.

పెళ్ళి చేసుకోవచ్చు కదా అని అడగని పాపాత్ముడు లేడు. ఆయనకి భార్య లేదు, ఈమెకి భర్త లేడు, అడ్డేముంది? ఆయనే ఒప్పుకోవడం లేదని కాలనీ అంతా తీర్మానించేసింది. మగాడు కదా, ఊరికే వాడుకుంటున్నాడని. నిజం తలకిందులు. ఆయన అడుగుతూనే ఉన్నారు. గుళ్ళో చేసుకుందామన్నారు, రిజిస్ట్రారాఫీసుకి పోదామన్నారు. పక్క క్వార్టర్లో ఉండే ఛత్తీస్‌గఢీ ఆవిడకి అసలిదొక సమస్యే కాదు. వాళ్ళలో మొగుడు పోయిన ఆడమనిషికి ఇంకొకతను గాజులు తొడిగి ఇంటికి తీసుకుపోతే ఆమె అతని భార్య అయిపోతుంది, అంతే. "గార్డు బాబూ, చూడీ పహనా దే నా, హో గయా" అనేది. వాళ్ళు గాజులు తొడిగే చోట మనవాళ్ళు పగలగొడతారు, చూడండి మన గొప్ప! గార్డుగారు నిజంగానే గాజులు కొనుక్కొచ్చారు. పిన్ని వాటిని పుచ్చుకుని, బాగున్నాయని మెచ్చుకుని, తనే తొడుక్కుంది. ఆయన్ని తొడగనివ్వలేదు.

ఎందుకలా అని నేను నిలదీశాను. అప్పుడు లా చదువుతున్నాను, ప్రపంచంలో నాకు తెలియని విషయం లేదు.

"ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ముందు పోయీది ఎవులు?" అంది పిన్ని. "తాళి కట్టించుకున్నాననుకో, మళ్ళీ నన్ను నదికి తీసుకుపోతారు. ఒకసారి పోయొచ్చేను, చాలు. కట్టనిదాన్ని ఎవులూ తెంపలేరు కదే."

పిన్ని భయపడుతున్నది పెళ్ళికి కాదు. పెళ్ళి చివర కాచుకుని కూర్చునే ఆ పదో రోజుకి.

గార్డుగారు రిటైరయ్యాక మందిర్ హసౌద్‌లో రెండు గదుల ఇల్లు కట్టారు. స్థలం ఆయన పేర, ఇల్లు ఆయన పేర. ఇద్దరూ అక్కడికి మారిపోయారు. పెరట్లో ఆనపపాదు పెట్టి కాసిన కాయలన్నీ మా ఇంటికి మోసుకొచ్చేవారు. అమ్మ కూడా మెల్లిగా మెత్తబడింది. ఆయనతో మాట్లాడదు గానీ, ఆయన తెచ్చిన ఆనపకాయ వండేది.

నేను నల్లకోటు వేసుకుని రెండు మూడేళ్ళయి ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ బస్సు దిగి కోర్టు దగ్గర నా బల్లను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన ఇస్త్రీ చొక్కా, ఆమె పట్టుచీర. పెళ్ళి రిజిస్టరు చేయించుకోవడానికి వచ్చారేమోనని సంబరపడి లేచి నిలబడ్డాను.

"కూచో అమ్మా, కూచో. ఒక కాగితం రాయాలి," అన్నారు గార్డుగారు. అంతకు నెల్లాళ్ళ ముందే ఆయన గుండెకి స్టెంటు వేశారు. "ఆస్పత్రిలో సంతకం పెట్టడానికి మీ పిన్నిని రానియ్యలేదు. నువ్వు ఏటవుతావు అని అడిగేరంట. భార్యవి కాకపోతే బయట కూచో అన్నారంట. ఇన్నేళ్ళు వండిపెట్టిన మనిషి ఏటీ కాదంట! ఆ ముక్క విన్నాక నాకు నిద్దర పట్టడం లేదు."

ఆయనకి కావలసినవి రెండు. ఆస్పత్రిలో పిన్ని మాట చెల్లాలి. తను పోయాక పిన్ని బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండాలి. పిన్నికి కావలసింది ఒక్కటే.

"ఈయన పోతే పదో రోజున నన్నెవులూ కూచోబెట్టకూడదు. బొట్టు తియ్యకూడదు, గాజులు ముట్టుకోకూడదు. అది రాయి," అంది.

"పిన్నీ, ఇది ఇక్రార్‌నామా. ఇద్దరు మనుషుల మధ్య ఒప్పందం. ఇందులో బొట్టూ గాజులూ ఎలా రాస్తారు?"

"ఏటే, నువ్వు వకీలువా, పంతులువా? రాయమన్నది రాయడానికి నీకేటి?"

"కోర్టులో చెల్లదు."

"చెల్లకపోతే పోనాది. రాసీ."

గార్డుగారు నవ్వుతున్నారు. "రాసీ అమ్మా. నాకు చెల్లుతుంది కదా," అన్నారు.

రాశాను. ఇక్కడి కాగితాలు హిందీలో ఉంటాయి. మగవాడికి తండ్రి పేరు చాలు. ఆడమనిషికైతే పేరు పక్కనే ఎవరి భార్య, ఎవరి కూతురు, మొగుడు పోయిన మనిషైతే ఎవరి బేవా అని రాయాలి. నేను అలవాటు కొద్దీ చిన్నాన్న పేరు రాసి బేవా అని పెట్టబోతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "మా నాన్న కూతుర్నని రాయి." యాభై దాటిన మనిషి, ఏనాడో పోయిన తండ్రికి కూతురై నా ఎదురుగా కూర్చుంది. అలాగే రాశాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మేం భార్యాభర్తలం కాము, భార్యాభర్తలమని ఎన్నడూ చెప్పుకోము అని కూడా పెట్టమంది. నేను పెన్ను కింద పెట్టేశాను. చట్టం ఇప్పుడిప్పుడే మీలాంటివాళ్ళ వైపు చూస్తోంది, పెళ్ళి కాకపోయినా పెళ్ళిలాంటి బతుకు బతికిన ఆడదాన్ని ఇంట్లోంచి గెంటెయ్యకూడదంటోంది, ఆ వాక్యం పెడితే నీ చేత్తో నీ కాళ్ళు నరుక్కున్నట్టే అని అరిచినంత పని చేశాను. పక్క బల్లల వకీళ్ళు తిరిగి చూశారు. రేపు ఆయన తమ్ముడొచ్చి ఇదే కాగితం నీ ముఖాన పెడితే ఏం చేస్తావని అడిగాను.

"నా తమ్ముడు అలాంటోడు కాదు," అన్నారు గార్డుగారు.

"అయితే వీలునామా రాసి రిజిస్టరు చెయ్యండి. ఇల్లు పిన్నికి వచ్చేస్తుంది, ఏ గొడవా ఉండదు. ఈ నోటరీ కాగితంతో ఇల్లు నిలవదు గార్డుగారూ."

ఆయన ముఖంలో రంగు మారింది. వాళ్ళ నాన్న వీలునామా రాసిన నెలకే పోయాడట. వాళ్ళ పెద్దనాన్నా అంతేనట. "రాస్తాను, రాస్తాను. ముందు ఈ గుండె కుదుటపడనీ," అన్నారు. గూడ్సు బండి వెనక డబ్బాలో ఒక్కడే కూర్చుని అడవులన్నీ తిరిగిన మనిషికి వీలునామా అంటే భయం! పిన్నీ పోరు పెట్టలేదు. ఇల్లు పోతుందన్న భయం కంటే ఆయన పోతారన్న భయం ఆమెకి ఎక్కువ. నేను మాత్రం ఎంతని చెప్పను? చెప్పాల్సింది చెప్పాను, ఇద్దరూ వినలేదు, వాళ్ళు కోరినట్టే ఆ వాక్యం కూడా రాశాను.

నోటరీ చదువుతూ చదువుతూ గాజుల షరతు దగ్గర ఆగాడు. "యే సబ్ భీ లిఖ్‌నా హై క్యా, మేడమ్?" అని పళ్ళికిలించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "లిఖా హై నా? ఠప్పా మారియే," అన్నాను. నోరు మూసుకుని ముద్ర కొట్టాడు. పాత క్వార్టర్ల ఛత్తీస్‌గఢీ ఆవిడ పని మానుకుని వచ్చి సాక్షి సంతకం పెట్టింది. బయటికొచ్చి అందరం చెరకురసం తాగాం. గార్డుగారు ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, దారి పొడుగునా జేబు తడుముకుంటూనే ఉన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ కాగితం ఒకసారి పనిచేసింది. రెండోసారి ఆయన్ని ఆస్పత్రిలో చేర్చినప్పుడు పిన్ని దాన్ని చూపించింది. డ్యూటీ డాక్టరమ్మాయి చదివి, ఇంకేమీ అడక్కుండా లోపలికి రానిచ్చింది. రాత్రీ పగలూ పక్కనే ఉంది పిన్ని. నాకు ఫోన్ చేసి, "నీ కాగితం బ్రహ్మాస్త్రమే," అంది. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో! వీలునామా మాట మళ్ళీ ఎత్తాను. ఈ కార్తీకం వెళ్ళనీ అన్నారాయన. ఆ కార్తీకం వెళ్ళింది, తర్వాతి కార్తీకమూ వెళ్ళింది.

ఒక వానాకాలం పొద్దున్న టీ గ్లాసు చేతిలో ఉండగానే గార్డుగారు పోయారు. వీలునామా రాయనే లేదు.

విజయనగరం నుంచి తమ్ముడు, తమ్ముడి భార్య, వాళ్ళబ్బాయి వచ్చారు. తలకొరివి ఆ అబ్బాయే పెట్టాడు. కథల్లో వచ్చే దుర్మార్గుడైన తమ్ముడు కాదాయన. అలా ఉంటే నాకు పని సులువయ్యేది, కోర్టుకీడ్చి ఉతికేసేదాన్ని. మెత్తటి మనిషి, అన్నగారి చెప్పుల జత చూసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. పిన్నిని అమ్మా అని పిలిచాడు. భోజనానికి ముందు ఆమె తిన్నదో లేదో కనుక్కునేవాడు. తమ్ముడి భార్య మాత్రం గట్టి మనిషి. ఏ రోజు ఏది జరగాలో అన్నీ ఆవిడే చెప్పేది. ఎనిమిదో రోజుకల్లా గది మూల ఒక సంచీ సిద్ధమైంది. పసుపు, కుంకుమ, గాజులు, తెల్లచీర. పిన్ని ఆ మూల దాటి వెళ్ళేటప్పుడు గోడవైపు తిరిగి నడవడం నేను చూశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక తమ్ముడు మమ్మల్ని కూర్చోమన్నాడు.

"అన్నయ్య నీ చేతి కూడు తిన్నాడు. నీ చేతుల్లో పోనాడు. అది నేను కాదనను," అన్నాడు పిన్నితో. "రేపు నువ్వు పీట మీద కూచుంటే నువ్వు మా వదినవి. నలుగురి ముందూ ఆ మాట ఖాయమైపోతుంది. ఇల్లు నీ పేర రాసిస్తాను. నాకక్కర్లేదు, మా అబ్బాయికీ అక్కర్లేదు. కూచోకపోతే నువ్వు ఎవులమ్మా? మా ఊళ్ళో నేనేటని చెప్పాలి? ఎవులికని ఇల్లు వదిలీసేనని చెప్పాలి?"

"రెండు నిమిషాల పని. కళ్ళు మూసుకుంటే అయిపోతాది," అంది తమ్ముడి భార్య, నేల చూపులు చూస్తూ.

నేను కాగితం తీశాను. ఆయనకి హిందీ రాదు. పెద్ద చదువులు చదివినవాడు కదా, గుండు గీయించుకున్న ఆ అబ్బాయి తీసుకుని మొత్తం చదివి తండ్రికి తెలుగులో చెప్పాడు. చెప్పి, ఎంతో మర్యాదగా నావైపు తిరిగి, "భార్యాభర్తలం కామని ఇందులోనే రాసుకున్నారు కదండీ. మరి ఏ హక్కుతో ఉంటారు? గాజుల షరతంటారా, దానికి పెదనాన్న సంతకం పెట్టారు. మేం పెట్టలేదు కదా," అన్నాడు. తప్పు మాట ఒక్కటి లేదు. నేనైనా వాదిస్తే అలాగే వాదిస్తాను. అందుకే ఇంకా మండింది.

పిన్నిని పెరట్లోకి తీసుకెళ్ళాను. చెప్పాల్సింది చెప్పాలి. "పిన్నీ, వకీలుగా చెబుతున్నాను. ఆయన రేపు మాట తప్పినా సరే, నువ్వు పీట మీద కూర్చుంటే అదే నీకు పెద్ద సాక్ష్యం. నలుగురూ చూస్తారు, ఫోన్లలో ఫొటోలు తీస్తారు. ఏ కోర్టయినా నువ్వు ఆయన భార్యలాంటిదానివనే అంటుంది. ఇల్లు నిలుస్తుంది." చెబుతుంటే నా నోరు నాకే చేదుగా ఉంది. చెప్పకపోతే నేను వకీల్ని కాను. చెబితే ఆమె అక్క కూతుర్ని కాను.

పిన్ని ఆనపపాదు కింద నిలబడి పండుటాకులు ఒక్కొక్కటే తెంపింది.

"అంటే పెళ్ళి చేసుకోనిదాన్ని భార్యని చెయ్యాలంటే మొగుడు పోయిన పదో రోజునే చెయ్యాలన్నమాట," అంది చివరికి. "బతికున్నన్నాళ్ళూ ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఒక్కనాడు అవుననలేదు నేను. ఇప్పుడు ఆయన లేకండా అవుతానా? ఛీ."

"కూర్చోవద్దులే. నేను కేసు వేస్తాను. కూర్చోకుండానే కొట్లాడతాను."

"కోర్టులో నేనేటని చెప్పాలి?"

"భార్యలాంటిదాన్నని."

"లాంటిదాన్నా? లాంటీ వద్దు, గీంటీ వద్దు. భార్యని కానని ఆయన ఎదర కూచుని రాయించేను. ఆయన పోగానే ఇల్లు కోసం అవుననేస్తే, నవ్వడేటి ఆయన?" అంది. అని, ఏడ్చింది. ఆయన పోయాక నేను చూస్తుండగా అదే మొదటిసారి. "ఈ ఇల్లు నాకు కావాలే. ఆయన పెట్టిన తలుపులు, ఆయన వేసిన సున్నం. వద్దని కాదు. కానీ ఆ రాయి మళ్ళీ నా చేతి మీద పడితే నేను బతకను."

కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి నడిచింది. తమ్ముడి ఎదురుగా నిలబడి, "నేను కూచోను బాబూ. ఇల్లు మీదే. దినాలు అవగానే ఎల్లిపోతాను," అంది. ఆయన రెండు చేతుల్లో తల పట్టుకుని, "అంత పంతమేటమ్మా, అంత పంతమేటి," అంటూ ఉండిపోయాడు.

పదో రోజు ఆరంగ్ దాటాక మహానది ఒడ్డున జరిగింది. పిన్ని రాదనుకున్నారంతా. వచ్చింది. రోజూ పెట్టుకునే బొట్టే, రోజూ వేసుకునే గాజులే. ధర్మోదకాలు వదిలే వేళకి వరసలో వెళ్ళి నిలబడింది. బంధువులే కాదు, స్నేహితులు కూడా ఆ నీళ్ళు వదలొచ్చు కదా. రాయపూర్ నుంచి మేం తీసుకెళ్ళిన తెలుగు పంతులుగారు చెంబు ఎత్తి ఆగారు.

"ఆయనకి మీరేమవుతారమ్మా?"

"కలిసున్నదాన్ని," అంది పిన్ని.

ఆడవాళ్ళు వదలరని వెనక ఎవరో గొణిగారు. పంతులుగారు ఒక క్షణం ఆలోచించి ఆమె దోసిట్లో నువ్వులు వేసి నీళ్ళు పోశారు. ఆ నీళ్ళు నదిలోకి జారుతుంటే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. అటు తిరిగి ఏడ్చాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

పదమూడో రోజు పొద్దున్న పిన్ని సామాను సర్దుకుంది. ఏమంత సామాను, రెండు ట్రంకు పెట్టెలు, కుక్కరు, కుట్టుమిషను. గుఢియారీలో మా వీధిలోనే ఒక గది అద్దెకు చూశాను. ఆమె పెన్షను ఆమెకుంది, ఎవరి మీదా పడి తినక్కర్లేదు. ఆ ఇల్లు మరుసటేడు అమ్మేశారు. కొన్నవాళ్ళు పెరడంతా సిమెంటు చేయించారు. పిన్ని ఆ దారిన పోయే బస్సెక్కితే రెండోవైపు సీటులో కూర్చుంటుంది. కేసు వెయ్యనివ్వలేదని నాకు ఇప్పటికీ కోపమే. గెలిచేదాన్నో లేదో చెప్పలేను, కొట్లాడైనా ఉండేదాన్ని.

ఆ పదమూడో రోజునే జరిగింది ఇంకొకటి. సామాను ఆటోలో పెట్టించి, మంచినీళ్ళ సీసా మర్చిపోయానని వెనక్కి వెళ్ళాను. తమ్ముడి భార్య వంటింట్లో ఒక్కతే ఉంది. ఆ సంచీ సిద్ధం చేసినప్పటినుంచి ఆవిడంటే నాకు మంట. ముఖం చూడకుండా సీసా తీసుకుని తిరగబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని తలుపు చాటుకి లాగింది.

"నువ్వు వకీలువి కదమ్మా. ఒకటడుగుతాను, ఎవులికీ చెప్పకు."

"అడగండి."

"మీ పిన్నికి రాసినావే, ఆ షరతు. తాళి కట్టించుకున్నోళ్ళకి కూడా రాస్తారేటి?"

నాకు మొదట బోధపడలేదు. బోధపడ్డాక ఒంట్లో కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

"ఆయన గుండె కూడా మంచిది కాదమ్మా. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గుండె," అంది. "మా అమ్మని నా ఎదరే కూచోబెట్టేరు. మా అక్కని కూచోబెట్టేరు. అక్క చేతులు నేనే పట్టుకున్నాను."

"రాయొచ్చండీ," అన్నాను. "మీ ఆయన సంతకం పెడతారా?"

"ఆయనా? అడిగితే ఇప్పుడే పెడతాడు, పాపం." ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూసింది. వాళ్ళని స్టేషనుకి తీసుకెళ్ళే ఆటో పక్కన వాళ్ళబ్బాయి నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. "ఆయన పెడితే ఏటి లాభమమ్మా? ఆయన పోయినాకే కదా ఆ రోజు వచ్చీది. అప్పుడు ఉండీవోడు ఆడు. ఆడు పెడతాడా?"

ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మా, రా, బండికి టైమైపోతంది!" అని కేకేశాడు కొడుకు.

"వస్తన్నాన్రా," అని ఆవిడ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.